పంపు మీద ఒట్టు

ఎనిమిది రోజుల్లో ఇది మూడోసారి. అబుల్‌వఫా ఏడు సీట్ల బండి షెడ్డు ముందు ఆగీ ఆగకముందే కింద చుక్క పడింది. దాని పక్కన ఇంకోటి. ఇంజను కింద దుమ్ములో తడి మచ్చ అరచెయ్యంత అయ్యేసరికి హిలాలీకి ఒళ్ళు మండిపోయింది.

హిలాలీ గిర్గా ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళుగా మెకానిక్కు. ఊరంతా అతన్ని ఉస్తా అంటుంది. చేతిలో పనితనం ఉన్నవాడికి అక్కడ దక్కే పిలుపు అది. షెడ్డుకి ఎదురుగానే సొహాగ్ పట్నం వెళ్ళే బండ్ల స్టాండు. అతను బాగుచేసిన ప్రతి బండీ అతని కళ్ళ ముందే జనంతో నిండి, అతని కళ్ళ ముందే బయల్దేరుతుంది. పేరు రావడానికి అంతకంటే మంచి చోటు లేదు. పేరు పోవడానికీ అంతే.

మొదటిసారి బండి వచ్చినప్పుడు వాటర్ పంపు ఇరుసు వదులైందన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే వదులైంది. కొత్త పంపు వేశాడు. సొహాగ్ వెళ్ళొచ్చేసరికి కారింది. రెండోసారి ప్యాకింగు మార్చాడు. కొట్లో కొన్న ప్యాకింగు వెయ్యడం హిలాలీకి నామోషీ. మందపాటి కాగితాన్ని పంపు అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ టకటకమని కొడితే అచ్చు దానంతటదే దిగుతుంది. అలా తన చేత్తో తీసిన ప్యాకింగు వేసి బిగించాడు. మళ్ళీ కారింది. ఈ మూడోసారి పంపుని ఊడదీసి, గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, పంపు ముఖాన్ని గంటసేపు అరగదీశాడు. ఆగస్టు ఎండ. రేకుల షెడ్డు. చెమట కళ్ళలోకి దిగుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

బిగించి, నీళ్ళు పోసి, ఇంజను ఆన్ చేసి అరగంట అలాగే ఉంచాడు. చుక్క లేదు. కిందికి వంగి, అందరికీ కనబడేలా పొడి అరచెయ్యి పైకెత్తి చూపించాడు.

"షెడ్డులో ఎప్పుడు కారింది కనక ఉస్తా?" అన్నాడు అబుల్‌వఫా. "అత్తారింట్లో కోడల్లాగ ఇక్కడ బుద్ధిగానే ఉంటుంది. సొహాగ్ దారెక్కాకే దానికి ఏడుపొస్తుంది."

ఎదురుగా టీ కొట్టు బెంచీల మీద కూర్చున్న డ్రైవర్లు నవ్వారు. అక్కడితో ఆగితే బాగుండేది. అబుల్‌వఫా చెడ్డవాడు కాదు, కానీ మూడు ట్రిప్పులు పోగొట్టుకున్న మనిషి. గొంతు తగ్గించి, మర్యాదగా, ఇంకాస్త మంట పెట్టాడు. "కళ్ళు మసకేస్తుంటే చెప్పెయ్యి. సిగ్గేముంది? వయసన్నాక అందరికీ వస్తుంది. కొత్త రోడ్డు మీద ఆ కుర్రాడు షెడ్డు పెట్టాడుగా, వాడి దగ్గరికి తీసుకెళ్తాను."

ఆ కుర్రాడు పని నేర్చుకున్నది హిలాలీ దగ్గరే. పానా పట్టుకోవడం రానివాడు. హిలాలీ చేతిలో గుడ్డని నేలకేసి కొట్టాడు.

"ఈ పంపు నుంచి మళ్ళీ ఒక్క చుక్క కారితే నా పెళ్ళానికి తలాక్. అందరూ వినండి. తలాక్."

టీ కొట్టు ఖినావీ గ్లాసులో చెంచా తిప్పడం ఆపేశాడు.

గిర్గాలో మగవాళ్ళకి ఈ ఒట్టు కొత్తేం కాదు. అతిథి ఇంకో మాంసం ముక్క తినకపోతే తలాక్ అంటారు, టీకి నువ్వు డబ్బులిస్తే తలాక్ అంటారు. అతిథి ఆ ముక్క తింటాడు, ఎదుటివాడు డబ్బులు జేబులో పెట్టుకుంటాడు, ఒట్టు గట్టెక్కుతుంది. మనుషుల మీద వేసే ఒట్టు మనుషులు నిలబెడతారు. పంపుకి ఆ మర్యాదలు తెలియవు కదా. ఆ మాట వెనక్కి తీసుకోమని, దేవుణ్ణి క్షమాపణ అడగమని ఖినావీ బతిమాలాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అక్కడున్న పెద్దాయన కూడా అన్నాడు. హిలాలీ వినలేదు. తన పని తనకి తెలుసన్నాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళేసరికి ఆ మాట అతని కంటే ముందే ఇల్లు చేరింది. నబవియా రొట్టెలు, ములూఖియా ఆకుకూర పళ్ళెంలో పెట్టి అతని ముందుంచింది. ఇరవై ఆరేళ్ళ కాపురం, పెద్దమ్మాయి జైనబ్‌తో సహా ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు. ఇంట్లో ఎప్పుడూ జడ వేసుకుని తిరిగే మనిషి ఇవాళ తలకి నల్లగుడ్డ చుట్టుకుని, నుదుటి దాకా లాక్కుంది. పరాయి మగాడు ఇంట్లో ఉన్నప్పుడు చుట్టుకున్నట్టు.

"ఇదేంటి?" అన్నాడు హిలాలీ.

"పంపుకీ ఇంజనుకీ మధ్య వెయ్యడానికి కాగితం దొరక్క నన్ను కత్తిరించి పెట్టారంట కదా, జైనబ్ నాన్నా?"

కోపంలో అన్నాననీ, అది కారదు గాక కారదనీ చెప్పాడు. మొన్న కూడా అలాగే అన్నారని ఆమె గుర్తు చేసింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. సాయంత్రం అతని పక్క తీసుకెళ్ళి వీధి గదిలో బల్ల మీద పరిచింది. ఆ బండి సంగతి తేలేదాకా తను మొగుడున్న ఆడదో లేనిదో తనకే తెలియదనీ, తెలియకుండా ఒక గదిలో పడుకోవడం పాపమనీ అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, అబుల్‌వఫా మీద కోపం ఈమె నెత్తిన పడింది. హిలాలీకి ఆ సంగతి తెలుసు. తెలిసినకొద్దీ ఇంకా చిరాకేసింది.

మర్నాడు అబుల్‌వఫా సొహాగ్ నుంచి తిరిగొచ్చి, బండి స్టాండు చివర ఆపి, నడుచుకుంటూ షెడ్డు దాకా వచ్చాడు. "ఒక్క చుక్క లేదు ఉస్తా. ఎడారే అనుకో," అన్నాడు. ఖినావీ దేవుణ్ణి పొగిడాడు. పక్క కొట్టు మంగలి వచ్చి చెయ్యి కలిపాడు. హిలాలీకి వెయ్యేనుగుల బలం వచ్చింది. ఇంటికెళ్ళి చెప్పాడు. మంచిదేనంది నబవియా. గుడ్డ మాత్రం తియ్యలేదు. ఇంకో నాలుగు రోజులు చూద్దామంది.

రెండో రోజూ ఎడారే. మూడో రోజూ ఎడారే.

కానీ హిలాలీ కళ్ళు అంత మసకేం వెయ్యలేదు. పదేళ్ళుగా షెడ్డు ఎదురుగా వేపచెట్టు నీడలో ఆగే బండి ఇప్పుడు చివర గోడ వెనక, ఎండలో ఎందుకు ఆగుతోంది? తన కొట్టు ముందే ఏనాడూ చీపురు పట్టని ఖినావీ, తట్టతో ఇసక పట్టుకుని ఆ గోడ వెనక్కి ఎందుకు వెళ్తున్నాడు? సొహాగ్ వెళ్ళే ముసలమ్మలు కూడా ఒళ్ళో రెండేసి నీళ్ళ సీసాలు పెట్టుకుని ఎక్కుతున్నారెందుకు? అడగాలనుకున్నాడు. అడిగితే ఏం చెబుతారోనని అడగలేదు.

నాలుగో రోజు సెలవు మీద ఇంటికొస్తున్న సిపాయి ఒకడు ఆ బండి దిగాడు. పక్క ఊరి వాడు, గిర్గా కబుర్లు తెలియనివాడు. దిగుతూనే స్టాండంతా వినబడేలా మొదలెట్టాడు.

"ఈ బండి బాగుచేసిన మహానుభావుడెవరండీ? ముప్ఫై అయిదు కిలోమీటర్లకి మూడుసార్లు కాలవ పక్కన ఆపారు. నేను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు కూడా దీని గొంతులోనే పోశాను."

అతని వెనకే దిగిన ముసలమ్మ చెయ్యి పట్టుకుని గిల్లింది. "నోర్ముయ్యి నాయనా. దీని మీద ఒక ఇల్లాలి కాపురం ఉంది," అంది.

అప్పుడు హిలాలీ ఇంకో బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పుతున్నాడు. ప్రతి ముక్కా వినబడింది. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఆ బండి కిందే పడుకున్నాడు. స్టాండులో అందరూ తన షెడ్డు వైపే చూస్తున్నారని అతనికి తెలుసు. విన్నాడా లేదా అని చూస్తున్నారు. విననట్టే పానా తిప్పాడు. ఆ బోల్టు ఎప్పుడో ఊడిపోయింది, ఊరికే తిప్పాడు.

ఆ సాయంత్రం మసీదు షేఖు దగ్గరికి వెళ్ళి, నా స్నేహితుడొకడు ఇలా ఒట్టేశాడని చెప్పాడు. షేఖు అతని గోళ్ళ కింది నల్ల గ్రీజు వంక చూసి, మీ స్నేహితుడికి బుద్ధి లేదన్నాడు. అలాంటి ఒట్టు తప్పితే పదిమంది పేదలకి అన్నం పెడితే చాలనేవాళ్ళున్నారట, తలాక్ పడిపోయినట్టే అనేవాళ్ళూ ఉన్నారట. మనసులో ఏ ఉద్దేశంతో అన్నాడో అడగాలి, ముందసలు పంపు కారిందో లేదో తేలాలి, కారితే అప్పుడు రమ్మను అన్నాడు. ఉద్దేశమా? ఆ క్షణాన హిలాలీకి నబవియా గుర్తే లేదు. అబుల్‌వఫా నోరు మూయించాలన్నదొక్కటే ఉద్దేశం. ఆ మాట షేఖుకి చెప్పుకోలేక ఇంటిదారి పట్టాడు.

ఇక ఆ తరవాతి రోజులు హిలాలీ పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. బండి కారుతోందని తెలుసు. ఎందుకు కారుతోందో చూడాలని చేతులు పీకుతున్నాయి. చూద్దామంటే, బానెట్ ఎత్తిన మరుక్షణం పంపు అంచున చుక్క కనబడిందంటే కాపురం అక్కడికక్కడే ఆఖరు. కనబడనంత వరకు ఇంకా పెళ్ళయినవాడే. రోజూ పొద్దున ఆ ఇంజను స్టాండులోంచి కదులుతుంటే శబ్దం వినేవాడు. వేడెక్కి వేడెక్కి లోపల టకటకమంటోంది. ఇలాగే ఇంకో పది రోజులు తిప్పితే ఇంజను హెడ్డు పగిలి చేతికొస్తుందని అతనికి తెలుసు. అబుల్‌వఫాకి ఆ బండి తప్ప ఇంకో ఆధారం లేదు. ఆ మాట పైకి అనలేడు, ఎడారి అని చెప్పాక రిపేరేంటని అడిగేవాళ్ళుంటారు. షెడ్డులో ఏది ముట్టుకున్నా విసుగు. అకారణంగా ఖినావీ మీద కేకలేశాడు, టీలో పంచదార తక్కువైందని. ఆ టీలో చెంచా నిలబడేంత పంచదార ఉంది. ఖినావీ ఇంకో చెంచా వేసిచ్చాడు. ఆ జాలి చూసి హిలాలీకి గ్లాసు గోడకేసి కొట్టాలనిపించింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నబవియా షెడ్డుకి వచ్చింది. పెళ్ళయిన తరవాత ఆమె అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. పొద్దున సొహాగ్‌లో అన్నయ్యని చూడడానికి వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో ఎక్కింది అబుల్‌వఫా బండే. అబుల్‌వఫా సీట్లు నిండాయని అబద్ధమాడినా వినలేదు. ఇప్పుడు ఆమె నల్ల పైవస్త్రం అంచు మోకాళ్ళ దాకా తడిసి, కాలవ బురద అంటుకుని ఉంది. అబుల్‌వఫా ఆమె వెనక తల దించుకుని నిలబడ్డాడు.

"రెండుసార్లు నేనే కాలవలోకి దిగి నీళ్ళు తెచ్చి పోశాను," అంది. "లేవండి. మూత తియ్యండి."

"చూస్తే..." అన్నాడు హిలాలీ.

"చూడకపోతే కారడం మానేసిందా?"

బానెట్ ఎత్తాడు. పంపు చుట్టూ తడి, బెల్టు మీద తడి, అంతటా తడే. ఎక్కణ్ణించి వస్తోందో దేవుడికి తెలియాలి. అయితే ఒకసారి బానెట్ లేచాక, భయం ఎంతున్నా చేతులకి వాటి పని గుర్తొచ్చింది. ఇంజను ముందు భాగమంతా గుడ్డతో పొడిగా తుడిచాడు. మంగలి దగ్గర పౌడరు డబ్బా అడిగి తెచ్చి, పంపు మీద, దాని పైన, పక్కన దట్టంగా చల్లాడు. పెళ్ళికొడుకులా తయారైంది ఇంజను. ఇన్నాళ్ళూ చేసిన తప్పేమిటో అతనికి అప్పుడు తట్టింది. షెడ్డులో ఇంజను నెమ్మదిగా తిప్పి చూస్తూ వచ్చాడు. సొహాగ్ దారిలో అది నెమ్మదిగా తిరగదు కదా. అబుల్‌వఫాని కూర్చోబెట్టి యాక్సిలరేటరు బలంగా తొక్కి పట్టమన్నాడు.

పావుగంట ఇంజను అరిచింది. టీ కొట్టు ఖాళీ అయి అందరూ షెడ్డులో చేరారు. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతుండగా, తెల్లటి పౌడరు మీద సన్నటి తడి గీత ఒకటి దిగింది. పంపు నుంచి కాదు. పంపుకి జానెడు పైనుంచి, గాలి ఫిల్టరు డబ్బా చాటు నుంచి.

ఫిల్టరు విప్పి చూశాడు. ఇంజను హెడ్డులోంచి, చలికాలం బండి లోపలికి వేడిగాలి కోసం, వేడినీళ్ళు వెళ్ళే గొట్టం అక్కడ మొదలవుతుంది. అక్కడే అది ఆగిపోయింది కూడా. వేలెడు రబ్బరు ముక్క, దాని నోట్లో ఒక బోల్టు, చుట్టూ రెండు మెలికలు తిప్పిన తీగ. ఆ మెలికలు ఎవరివో హిలాలీకి ఎవరూ చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ళ కిందట అబుల్‌వఫా ఈ బండి అలెగ్జాండ్రియా నుంచి తెచ్చిన రోజున, గిర్గాలో వేడిగాలి ఎవడిక్కావాలి, పొయ్యిలో కూర్చుని కుంపటి రాజేసుకుంటామా అని నవ్వి, ఆ గొట్టాలు కోసి పారేసి, బోల్టు దిగ్గొట్టింది తనే. ఆ ఊళ్ళో ప్రతి బండికీ ఆ పని తనే చేశాడు. తొమ్మిదేళ్ళ వేడికి రబ్బరు కుళ్ళి పగిలింది. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటుంది, వేడెక్కి నీళ్ళు నెట్టగానే నోరు తెరుస్తుంది. కారిన నీళ్ళు జారి పంపు మీద పడి, అక్కణ్ణించి కిందకి చుక్కలవుతున్నాయి. కొత్త పంపు వేసి, ఆ మంచి పంపునే గంటసేపు అరగదీసినవాడు, ఒక్కసారి కూడా తల పైకెత్తి చూడలేదు. తన చేతి పని మీద తనకి అనుమానం ఎందుకొస్తుంది?

బాగుచెయ్యడానికి పది నిమిషాలు పట్టలేదు. కుళ్ళిన ముక్క కోసేసి, గొట్టానికి ఇత్తడి మూత అతికి, మళ్ళీ పావుగంట ఇంజనుని అరిపించారు. పౌడరు పొడిగా, తెల్లగా ఉండిపోయింది.

"పంపు కాదు," అన్నాడు హిలాలీ. ముందు నెమ్మదిగా, తరవాత అందరికీ వినబడేలా. "పంపు నుంచి ఒక్క చుక్క కారలేదు. నేనన్నది పంపు మాటే."

షెడ్డంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఒట్టు తప్పలేదు, కాపురం చెక్కుచెదరలేదు. మంగలి హిలాలీని కావలించుకున్నాడు. ఖినావీ అందరికీ టీ తెస్తానన్నాడు. హిలాలీ నవ్వుతూ నబవియా వైపు తిరిగాడు. నల్లగుడ్డ తీసేస్తుందనుకున్నాడు.

"చూశావా? ఏమీ కాలేదు," అన్నాడు.

"ఏమీ కాలేదా?" అంది నబవియా. "ఈ అబుల్‌వఫా తమ్ముడు తన ఇంజను పాడవుతున్నా నోరు మెదపలేదు. ఖినావీ ఇసక మోశాడు. ముక్కూ మొహం తెలియని ముసలమ్మలు నా కాపురం కోసం ఒళ్ళో నీళ్ళు పెట్టుకుని వెళ్ళారు. ఊరంతా నీళ్ళు మోసింది, జైనబ్ నాన్నా. మీరు ఒక్కసారి మూత ఎత్తలేదు."

హిలాలీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. సరేలే, ఇంటికి పద, అక్కడ మాట్లాడుకుందాం అని గొణిగాడు.

"ఇంట్లో కాదు. ఆ మాట ఇక్కడ అన్నారు, వీళ్ళందరి ముందు. తప్పయిందని కూడా ఇక్కడే అనండి. ఇంకెప్పుడూ నన్ను ఇలా పందెంలో పెట్టనని అనండి. అంటే ఇంటికొస్తాను."

ఎంతసేపటి పని అది? తలాక్ అనడానికి ఒక్క ఊపిరి పట్టింది. తప్పయింది అనడానికి నోరు తెరిస్తే, ఎదురుగా డ్రైవర్లు, మంగలి, ఖినావీ, ఇరవై ఎనిమిదేళ్ళుగా తనని ఉస్తా అన్న మొహాలన్నీ కనబడ్డాయి. తెరిచిన నోరు మూసుకున్నాడు. నబవియా కాసేపు ఎదురుచూసి, షెడ్డు దాటి స్టాండులోకి వెళ్ళి, అబుల్‌వఫా బండిని తెచ్చి వరసలో పెట్టగానే వెనక సీట్లో కూర్చుంది. అన్నయ్య దగ్గరికి వెళ్తున్నానని అబుల్‌వఫాకి చెప్పింది.

ఏడుగురు నిండితే గానీ బండి కదలదు. అది స్టాండు ధర్మం. ఒకరొకరే ఎక్కారు. ఆమెతో కలిపి ఆరుగురయ్యారు. ఏడో సీటు ఖాళీగా ఉంది. స్టాండులో సొహాగ్ వెళ్ళేవాళ్ళు ఇంకో నలుగురున్నారు, మూటలతో సహా. ఒక్కరూ ఎక్కలేదు. ఒకాయన చెప్పు తెగిందన్నాడు, ఒకామె ఎవరికోసమో ఆగాలంది. ఎక్కినవాళ్ళు ఎండలో ఉడికిపోతూ కూడా ఆలస్యమవుతోందని అనలేదు. అబుల్‌వఫా తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. వాళ్ళంతా తనకోసమే ఆగారని హిలాలీకి తెలుసు. రెండడుగులు ముందుకేశాడు. బండి కిటికీ దగ్గర నిలబడ్డాడు. గొంతులో మాట ఉంది. పైకి రావడం లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

నబవియా అతని వైపు చూసింది, చాలాసేపే చూసింది. తరవాత ముందుకి వంగింది.

"అబుల్‌వఫా తమ్ముడూ, ఆ ఏడో సీటు కూడా నాదే అనుకో. పోనియ్యి."

అబుల్‌వఫా హిలాలీ మొహంలోకి ఒకసారి చూసి, ఎక్కి కూర్చుని, బండి తీశాడు. ఇంజను శబ్దం హాయిగా ఉంది, టకటకలు లేవు. మలుపు తిరిగే దాకా హిలాలీ వింటూ నిలబడ్డాడు. తరవాత కిందికి చూశాడు. బండి అంతసేపు ఆగిన చోట దుమ్ము పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు. అప్పుడు అతనికి ఏడుపొచ్చింది.